ఎంట్రప్రెన్యూర్‌షిప్, అర్థశాస్త్రం ఒకే తరగతికి చెప్పేటప్పుడు విశాఖలో ఎక్కడ మొదలుపెట్టాలి?

విశాఖ అధ్యాపకురాలు

సభ్యులందరికీ నమస్కారం. నగరంలోని ఒక డిగ్రీ కళాశాలలో బీకాం, బీబీఏ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. రానున్న సెమిస్టర్‌లో ఒకే తరగతికి సూక్ష్మ అర్థశాస్త్రం, ఎంట్రప్రెన్యూర్‌షిప్ పేపర్లు రెండూ నాకే అప్పగించారు. ఇప్పటిదాకా వీటిని వేర్వేరు అధ్యాపకులు చెప్పేవారు. రెండు సిలబస్‌లనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. అర్థశాస్త్రం పేపర్లో సంస్థ ఉంది, ఖర్చులు ఉన్నాయి, ధర ఉంది. ఆ సంస్థను మొదలుపెట్టిన మనిషి మాత్రం ఎక్కడా లేడు. రెండో పేపర్లో ఆ మనిషి ఉన్నాడు, అతని పట్టుదల, నాయకత్వ లక్షణాలు, విజయగాథ అన్నీ ఉన్నాయి. అతను సరుకు ఎంతకు కొన్నాడో, ఎంతకు అమ్మాడో, మధ్యలో ఎన్నాళ్లు డబ్బు చేతికి రాక ఆగాడో మాత్రం లేదు.

రెండు పేపర్లూ నా చేతికే వచ్చాయి కాబట్టి వీటిని ఒకే పాఠంగా చెప్పాలని ఉంది. రేపు ఏ ధర పలుకుతుందో తెలియనప్పుడు ఈరోజు డబ్బు పెట్టాలా వద్దా అనే నిర్ణయాన్ని మధ్యలో ఉంచి, ఖర్చుల సిద్ధాంతాన్నీ, మార్కెట్ రూపాలనూ, వ్యాపార ప్రణాళికనూ దాని చుట్టూ చెప్పాలన్నది నా ఆలోచన. తరగతి గదిలో కొంత, ఊళ్లో కొంత జరగాలని కూడా అనుకుంటున్నాను. విద్యార్థులను ఎక్కడికి తీసుకెళ్లాలి, అక్కడ ఏమి అడగమనాలి, వారు రాసుకొచ్చినదానికి మార్కులు ఎలా వేయాలి అన్న మూడు విషయాల్లో మీ అనుభవం కావాలి.

ఉపాంత వ్యయం

మేడమ్ గారూ, అర్థశాస్త్రం చాలాకాలంగా బోధిస్తున్నవాడిగా మీ ఆలోచనను స్వాగతిస్తున్నాను. మనిషి కనిపించకపోవడం మన పాఠ్యపుస్తకాల లోపమే కానీ శాస్త్రానిది కాదని మాత్రం విద్యార్థులకు మొదటి వారంలోనే చెప్పండి. తెలిసిన ధరకు కొని, తెలియని ధరకు అమ్మడానికి సిద్ధపడేవాడే వ్యవస్థాపకుడని (ఎంట్రప్రెన్యూర్ అని) తొలితరం ఆర్థికవేత్త రిచర్డ్ కాంటిలన్ చెప్పిన మాట ఆయన మరణానంతరం 1755లో అచ్చయింది. అంటే ఆడమ్ స్మిత్ ప్రసిద్ధ గ్రంథం కంటే రెండు దశాబ్దాల ముందే ఆ మనిషి అర్థశాస్త్రంలో ఉన్నాడు. 1911లో ఆర్థికవేత్త షుంపీటర్, పాతదాన్ని తోసేసి కొత్తదాన్ని తెచ్చేవాడిగా, అతణ్ణి అభివృద్ధికి చోదకశక్తిగా నిలబెట్టారు. 1921లో మరో ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ నష్టభయానికీ అనిశ్చితికీ తేడా చూపించారు. సంభావ్యత లెక్కగట్టగలిగినది నష్టభయం, దానికి బీమా దొరుకుతుంది. లెక్కకు అందనిది అనిశ్చితి, దాన్ని నెత్తిన వేసుకున్నందుకు మిగిలేదే లాభం. ఇతరుల కంటపడని ధరల తేడాను గమనించేవాడు వ్యవస్థాపకుడని కిర్జ్‌నర్ 1973లో వాదించారు. నూతన ఆవిష్కరణల వల్ల వృద్ధి ఎలా సాగుతుందో వివరించినందుకు 2025 నోబెల్ బహుమతి మోకిర్, అగియోన్, హోవిట్‌లకు దక్కింది; వీరిలో చివరి ఇద్దరూ షుంపీటర్ భావాన్ని 1992లో గణిత నమూనాగా మలిచినవారు.

ఇన్ని పేర్లు విద్యార్థులకు అవసరమా అని అడగవచ్చు. పేర్లు అవసరం లేదు, నైట్ చెప్పిన తేడా మాత్రం తప్పనిసరి. అది అర్థం కానివారు వ్యాపార ప్రణాళిక రాస్తే, తెలియని ప్రతి అంకె స్థానంలోనూ ధైర్యంగా ఒక అంకె వేసేస్తారు.

ఇక స్థలం. కాంటిలన్ నిర్వచనం కళ్లకు కనిపించాలంటే మన ఊళ్లో ఫిషింగ్ హార్బర్‌కు మించిన చోటు లేదు.

రేవు గాలి

పై సభ్యులు హార్బర్ పేరెత్తారు కాబట్టి నాలుగు మాటలు వివరంగా రాస్తాను. మాది మత్స్యకార కుటుంబం. నేను ఇప్పుడు రొయ్యల ఎగుమతి లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్నాను.

తెల్లవారుజామున బోట్లు ఒడ్డుకు చేరగానే సరుకును రకాలవారీగా కుప్పలు పోసి వేలం మొదలుపెడతారు. అక్కడ కొనేవారు ఒక్కలాంటివారు కారు. ఎగుమతి కంపెనీల తరఫు మనుషులకు రొయ్య, పెద్ద వంజరం కావాలి. లారీ వ్యాపారులకు ఒకే రకం ఎక్కువ మొత్తంలో కావాలి. తట్ట నెత్తిన పెట్టుకుని కాలనీల్లో అమ్మే ఆడవాళ్లు తరచుగా నలుగురైదుగురు కలిసి ఒక కుప్ప పాడుకుని, అక్కడే పంచుకుంటారు. వారిలో ఒక్కొక్కరి దగ్గర కుప్ప మొత్తం కొనేంత డబ్బు ఉండదు. ఉన్నా ఒకే రకం చేపను ఒక్కరే సాయంత్రంలోగా అమ్ముకోలేరు. పెట్టుబడినీ, నష్టాన్నీ పంచుకోవడం గురించి మీరు ఎంత పాఠం చెప్పినా, ఆ పది నిమిషాల పంపకం చూపించినంత స్పష్టంగా ఉండదు. కొన్నది తెలిసిన ధర. ఎండ ఎక్కేకొద్దీ, ఐసు కరిగేకొద్దీ అమ్మే ధర దిగుతుంది. మిగిలిపోయినది ఉప్పుచేపగా మారుతుంది, అంటే అదే సరుకు ఇంకో మార్కెట్‌కు, ఇంకో ధరకు వెళ్తుంది.

అక్కడే చూడదగినవి ఇంకా రెండున్నాయి. ఒకటి, కళాసీలకు, అంటే బోటు మీద పనిచేసేవారికి, చాలా బోట్లపై నెల జీతం ఉండదు. డీజిల్, ఐసు, తిండి సామాను ఖర్చులు తీసేశాక మిగిలినదాంట్లో వాటా ఉంటుంది. యజమాని నడిసముద్రంలో వెంట ఉండి పని చూడలేడు కాబట్టి వాటా పద్ధతి నిలిచిందా, నష్టాన్ని పంచడానికి నిలిచిందా అని తరగతిలో వాదించుకోవచ్చు. రెండోది, బోటు యజమాని వ్యాపారి దగ్గర ముందుగా అడ్వాన్సు తీసుకుంటే, పట్టిన సరుకు అతనికే ఇవ్వాల్సి వస్తుంది. వడ్డీ అని ఎవరూ అనరు. ధరలో కోసుకునే తేడాయే వడ్డీ.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది. ఆ కాలానికి మత్స్యకార కుటుంబానికి ఇచ్చే సాయాన్ని మన రాష్ట్రం 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలకు పెంచింది. సప్లయి రేఖ ఎడమకు జరగడం (అదే ధరకు మార్కెట్‌కు వచ్చే సరుకు తగ్గడం), ఉమ్మడి వనరును కాపాడటానికి ఎవరు ఎంత చెల్లిస్తున్నారు అనే ప్రశ్న, రెండూ ఆ రెండు నెలల్లోనే ఉన్నాయి. సెమిస్టర్ ఆ రోజులకు తగిలితే నిషేధానికి ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి ధరలు రాసుకురమ్మనండి.

ఒక మనవి. తరగతి మొత్తాన్ని ఒకేసారి తీసుకురావద్దు. వేలం వేళ వారికి ప్రతి నిమిషమూ డబ్బే. నలుగురు చొప్పున రండి, మొదట ఏమీ అడగకుండా నిలబడి చూడండి, వెళ్లేముందు చేప కొనండి. ఆదాయం ఎంత అని మొదటి ప్రశ్నగా అడిగితే ఎవరూ నిజం చెప్పరు, చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

గాజువాక లేత్

ఆటోనగర్‌లో మాకు చిన్న మెషిన్ షాపు ఉంది. లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషిన్, కొద్దిమంది పనివాళ్లు. పెద్ద పరిశ్రమలకు విడిభాగాలు చేసిస్తాం. ప్రతి ఏడాదీ ఏదో ఒక కళాశాల నుంచి పిల్లలు ప్రశ్నావళి పట్టుకుని వస్తారు. మీ సమస్యలు ఏమిటి అని అడిగి, ఆర్థిక వనరుల కొరత, మార్కెటింగ్ కొరత, నైపుణ్యం కొరత అని గళ్లు చూపిస్తారు. నేను టిక్కులు పెడతాను, వాళ్లు ధన్యవాదాలు చెప్పి వెళ్లిపోతారు. ఇద్దరికీ అందులో ఒరిగేది ఏమీ లేదని బాధగా ఉంటుంది. ఎందుకంటే వాళ్లు అడిగితే నేను చూపించగలిగినవి చాలా ఉన్నాయి.

ఉదాహరణకు ఒక ఆర్డర్ కాగితం చూపిస్తాను. ఇనుము నగదుకు కొంటాం. పనివాళ్లకు వారం వారం ఇస్తాం. సరుకు పంపి బిల్లు వేసిన మరుసటి నెల 20వ తేదీకల్లా ఆ బిల్లు మీద జీఎస్టీ కట్టాలి, కొన్నవారు మాకు పైసా ఇచ్చినా ఇవ్వకపోయినా సరే. డబ్బు నెలల తరబడి ఆగుతుంది. పుస్తకంలో ఆ నెల నాకు లాభం ఉంటుంది, చేతిలో మాత్రం కరెంటు బిల్లుకు కూడా ఉండదు. లాభంలో ఉన్న షాపు ఎలా మూతపడుతుందో మీ పిల్లలకు ఆ ఒక్క కాగితంతో అర్థమవుతుంది.

చట్టం మా పక్షానే ఉంది. చిన్న సంస్థల కోసం చేసిన 2006 నాటి చట్టం ప్రకారం మా బాకీ చెల్లించడానికి రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. గడువులోగా సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లించకపోతే ఆ ఖర్చును ఆదాయ పన్ను లెక్కలో ఆ ఏడాది చూపుకోనివ్వని నిబంధన కూడా 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. మరి ఫిర్యాదు ఎందుకు చేయరు అని పిల్లలు అడగాలి. మాకు పనిచ్చేవి ఒకటి రెండు సంస్థలే. ఒక పెద్ద కొనుగోలుదారు మమ్మల్ని ఏడాది పొడుగునా తిప్పించుకున్నప్పుడు కూడా కాగితం పెట్టలేదు, పెడితే తర్వాతి ఆర్డర్ రాదు. కొనేవాడు ఒక్కడే అయిన మార్కెట్ గురించి మీరు రేఖాచిత్రం గీస్తారు కదా, అది మా షాపులో ఇలా ఉంటుంది.

ఇంకొక మాట. మొన్న వచ్చిన పిల్లల చేతిలోని నోట్సులో చిన్న పరిశ్రమల నిర్వచనం పాతది ఉంది. 2025 ఏప్రిల్ 1 నుంచి సూక్ష్మ సంస్థ అంటే యంత్రాల మీద పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ (ఏడాది అమ్మకాలు) 10 కోట్ల లోపు. చిన్న సంస్థ అంటే 25 కోట్లు, 100 కోట్ల లోపు. పరీక్షలో ఏది రాస్తే మార్కులు వేస్తారో నాకు తెలియదు కానీ బ్యాంకులో అడిగేది ఇదే.

బీకాం ఆఖరి సంవత్సరం

పెద్దలందరికీ నమస్కారం. నేను విద్యార్థిని. ఎంట్రప్రెన్యూర్‌షిప్ పేపర్ రాసేశాను కాబట్టి మా వైపు నుంచి చెబుతున్నాను. వ్యవస్థాపకుడి లక్షణాలు వివరించండి అన్న ప్రశ్న తప్పకుండా వస్తుందని మాకు ముందే తెలుసు. ధైర్యం, దూరదృష్టి, ఆత్మవిశ్వాసం అని పది శీర్షికలు కింద గీత గీసి రాస్తే మార్కులు పడతాయి. ప్రాజెక్టుకు ఒక వ్యాపార ప్రణాళిక అడిగారు. మా తరగతిలో ఎక్కువమంది మొబైల్ యాప్ అని రాశారు, ఎందుకంటే యాప్ అంటే ముడిసరుకు లెక్క, అద్దె లెక్క రాయక్కర్లేదని అనుకున్నారు.

మా పిన్ని టిఫిన్ బండి నడుపుతారు. ఆ బండి లెక్క రాస్తానంటే అది ప్రాజెక్టుకు సరిపోదని, కొత్త ఆలోచన ఉండాలని అన్నారు. కొత్తదనం అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థం కాలేదు. ఈ చర్చ చూశాక అడగాలనిపించింది: మేడమ్ గారూ, మీ తరగతిలో అయితే టిఫిన్ బండి లెక్క ఒప్పుకుంటారా?

విశాఖ అధ్యాపకురాలు

అమ్మా, ఒప్పుకోవడమే కాదు, మొదటి అభ్యాసమే అదిగా పెట్టుకుందామని మీ మాట చదవగానే అనిపించింది. ఒక నమూనా లెక్క వేశాను. అంకెలు ఊహించినవే, పిల్లలు తమకు తెలిసిన బండి దగ్గర అసలు అంకెలు తెచ్చి మార్చుకోవాలి.

రోజు అమ్మకం 3,000 రూపాయలు. మినప్పప్పు, రవ్వ, నూనె, వేరుశనగలు, గ్యాసు కలిపి 1,700. పాత్రలు కడిగి పార్సిల్ కట్టే సహాయకుడికి 500. బండి అద్దె, మిగతా చిల్లర ఖర్చులు 200. మిగిలేది 600. బండి నడిపే దంపతులు దీన్ని లాభం అంటారు. అకౌంటెన్సీ కూడా అదే అంటుంది. ఇప్పుడు అర్థశాస్త్రం అడిగే ప్రశ్న: పప్పు రుబ్బడం నుంచి బండి కడగడం వరకు ఇద్దరూ పడిన శ్రమకు ఖరీదు ఏది? ఆ పూట కూలికి వెళ్తే ఒక్కొక్కరికి 500 వస్తుందనుకుంటే అవకాశ వ్యయం (బండి కోసం వదులుకున్న ఆదాయం) 1,000, అంటే బండి రోజుకు 400 నష్టంలో నడుస్తున్నట్టు. మరి ఆ కుటుంబం బండి ఎందుకు ఆపడం లేదు? ఈ ప్రశ్న దగ్గర తరగతిని వదిలేసి, మరుసటి రోజు జవాబులు తెమ్మంటాను.

బీకాం ఆఖరి సంవత్సరం

జవాబు నాకు తెలుసండి. కూలి పని రోజూ దొరకదు. నెలలో పద్ధెనిమిది రోజులు దొరికితే గొప్ప. బండి మాత్రం ముప్పై రోజులూ పెట్టుకోవచ్చు. పైగా పిన్ని పదకొండు గంటలకల్లా ఇంటికి వచ్చి పిల్లలను చూసుకుంటారు, కూలికి వెళ్తే అది కుదరదు.

ఉపాంత వ్యయం

ఈ అమ్మాయి ఇచ్చిన జవాబును దయచేసి అందరూ కాగితం మీద వేసి చూడండి. ముప్పై రోజుల్లో పద్ధెనిమిది రోజులే పని దొరికితే, రోజుకు సగటున రాగల కూలి ఒక్కొక్కరికి 300. ఇద్దరికీ 600. మేడమ్ గారి లెక్కలో బండి మిగులు కూడా 600. అంటే ఆర్థిక లాభం (సొంత శ్రమ ఖరీదు కూడా తీసేశాక మిగిలేది) సరిగ్గా సున్నా. ప్రవేశానికి అడ్డులేని మార్కెట్లో దీర్ఘకాలంలో జరుగుతుందని మనం సంపూర్ణ పోటీ పాఠంలో చెప్పేది ఇదే. అంకెలు ఊహించినవి కాబట్టి సరిగ్గా సరిపోవడాన్ని పట్టించుకోనక్కర్లేదు, దాని వెనక ఉన్న తర్కాన్ని మాత్రం వదలకూడదు: కూలి కంటే బండిలో ఎక్కువ మిగిలితే పక్క వీధిలో ఇంకో బండి వస్తుంది.

పిల్లలు ఇక్కడి నుంచి తమంతట తామే తర్వాతి ప్రశ్నకు వస్తారు. ఈ సున్నా పైకి లేవాలంటే ఏమి చేయాలి? అవతలివాడు వెంటనే అనుకరించలేనిది ఏదో ఉండాలి. మాడుగుల హల్వాకు ఉన్నట్టు ఊరి పేరో, ఆఫీసుల నుంచి నెలవారీ ఆర్డర్లో, రుచిలో ఒక ప్రత్యేకతో. షుంపీటర్‌నూ, ఏకస్వామ్య పోటీనీ (చాలామంది అమ్ముతున్నా ఎవరి సరుకుకు వారిదే ప్రత్యేకత ఉండే మార్కెట్‌నూ) ఈ ప్రశ్న తర్వాత చెబితే ఎవరూ బట్టీ పట్టనక్కర్లేదు. పిన్నిగారి బండిలో కొత్తదనం లేదన్నవారు పాఠంలో సగం పోగొట్టుకున్నారు.

పాత బ్యాంకు ఉద్యోగి

పదవీ విరమణ చేసిన బ్యాంకు అధికారిని. రుణాల విభాగంలో పనిచేశాను. విద్యార్థులు రాసే ప్రాజెక్టు నివేదికలకూ, రుణం కోసం మా దగ్గరికి వచ్చే నివేదికలకూ పోలిక ఎక్కువే. రెండింటిలోనూ అమ్మకాలు ప్రతి ఏడాదీ పది శాతం పెరుగుతాయి, ఖర్చులు మాత్రం నిలకడగా ఉంటాయి. నేను మొదట చూసేది ఆ పేజీ కాదు. ముడిసరుకుగా ఎన్ని రోజులు, తయారీలో ఎన్ని రోజులు, గోదాములో ఎన్ని రోజులు, బాకీగా ఎన్ని రోజులు డబ్బు ఇరుక్కుంటుందో చెప్పమంటాను. గాజువాక సభ్యులు రాసినది అక్షరాలా ఇదే.

చిన్న సంస్థలకు నిర్వహణ మూలధనం (రోజువారీ నడకకు కావలసిన డబ్బు) లెక్కగట్టడంలో నాయక్ కమిటీ పద్ధతిని మేము వాడేవాళ్లం. అంచనా వేసిన వార్షిక టర్నోవర్‌లో 25 శాతం నిర్వహణ మూలధనంగా అవసరమని, అందులో 20 శాతం బ్యాంకు, 5 శాతం సొంతదారు పెట్టుకోవాలని. ఏడాదిలో డబ్బు నాలుగుసార్లు తిరుగుతుందన్న ఊహ దీని వెనక ఉంది. ఏటికొప్పాక లక్కబొమ్మల వంటి పనికి ఆ ఊహ సరిపోతుందా అని పిల్లలను అడగండి. అంకుడు కర్ర ఎండాలి, రంగులు తయారు కావాలి, బొమ్మ ఒక్కొక్కటిగా చేతి పని మీద తేలాలి, అమ్ముడయ్యేది పండుగలకూ, ఎగ్జిబిషన్‌లకూ. ఆ ఊరి పేరును ఆ బొమ్మలకే పరిమితం చేసే భౌగోళిక గుర్తింపు (జీఐ) 2017లో వచ్చింది. ఆ గుర్తింపు ధరను ఎంత పెంచగలదు, డబ్బు తిరిగే కాలాన్ని ఏమైనా తగ్గించగలదా అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు.

చిన్న వ్యాపారులకు రుణాలిచ్చే ముద్రా పథకం గురించి చెప్పేటప్పుడు కూడా పట్టిక బట్టీ పట్టించవద్దు. 2015లో మొదలైనప్పుడు శిశు 50,000 వరకు, కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు. తరుణ్ రుణం సక్రమంగా తీర్చినవారికి 20 లక్షల వరకు ఇస్తామని 2024 బడ్జెట్‌లో ప్రకటించారు. ఇది పట్టిక. దానికి ఎదురుగా బజారులోని రోజువారీ ఫైనాన్సు లెక్క పెట్టండి. 9,000 చేతికిచ్చి రోజుకు 100 చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. వడ్డీ ఎంత అంటే తరగతిలో చాలామంది పదకొండు శాతం అంటారు. అసలు ప్రతిరోజూ తగ్గుతూ వస్తోందన్నది మరిచిపోతారు. సరిగ్గా కడితే ఏడాదికి 75 శాతం దాటుతుంది. అంత వడ్డీకి తీసుకునే మనిషి తెలివితక్కువవాడు కాదు. గుమ్మం ముందుకు వచ్చి ఇస్తారు, కాగితాలు అడగరు, వాన పడిన రోజు కాస్త ఆగుతారు. బ్యాంకు వడ్డీ తక్కువే అయినా దాన్ని అందుకోవడానికి పోయే పనిదినాలు కూడా ఖర్చే. ఈ రెండు అప్పులనూ పక్కపక్కన పెట్టి లెక్క కట్టడం చేతనైన విద్యార్థికి నేను కళ్లు మూసుకుని మార్కులు వేస్తాను.

ఉపాంత వ్యయం

బ్యాంకు సోదరులు చెప్పిన లెక్క తరగతిలో తప్పకుండా పెట్టదగినది. అయితే చర్చ ఇంత చక్కగా సాగుతున్న సమయంలో నా మనసులో ఉన్న గట్టి అభ్యంతరం ఒకటి చెప్పకుండా ఉండలేను. ఈ పేపర్ డిగ్రీల్లోకి వచ్చిన తీరు చూస్తే, ఉద్యోగం వెతుక్కోవద్దు, ఉద్యోగాలు ఇచ్చేవారు కండి అనే మాట పిల్లల నెత్తిన పెడుతున్నాం. ఊళ్లో గిరాకీ లేనప్పుడు, పరిశ్రమ రానప్పుడు, ఇంట్లో పెట్టుబడి లేనప్పుడు ఉపాధి దొరకకపోవడాన్ని ఇరవై ఏళ్ల పిల్లల వ్యక్తిత్వ లోపంగా చూపించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఆధారాలు మనకు దగ్గరలోనే ఉన్నాయి. హైదరాబాద్ బస్తీల్లో సూక్ష్మరుణాల ప్రభావంపై ఆర్థికవేత్తలు బెనర్జీ, డుఫ్లో, వారి సహచరులు చేసిన అధ్యయనం ఫలితాలు 2015లో పూర్తిగా వెలువడ్డాయి. 104 బస్తీలను తీసుకుని యాదృచ్ఛికంగా సగం చోట్ల ముందుగా రుణ శాఖలు తెరిపించారు. సగటు కుటుంబ వినియోగం పెరిగినట్టు తేలలేదు. అంతకుముందే వ్యాపారం ఉన్నవారిలో, అదీ బాగా నడుస్తున్న కొద్దిమందికే లాభాలు చెప్పుకోదగ్గంత పెరిగాయి. ఈలోగా 2010లో మన రాష్ట్రంలో సూక్ష్మరుణ సంక్షోభం వచ్చి చట్టమే చేయాల్సి వచ్చింది. అప్పు ఇస్తే చాలు ప్రతివారూ వ్యాపారి అవుతారన్న నమ్మకానికి ఇంతకంటే దగ్గరి పరీక్ష ఉండదు.

విశాఖ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ సంస్థ నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది వేసింది, 1948లో అక్కడ కట్టిన జల ఉష అనే ఓడ నీటిలోకి దిగింది, 1952లో ప్రభుత్వం మెజారిటీ వాటా తీసుకోవాల్సి వచ్చింది. ఎంతటి సాహసి అయిన పారిశ్రామికవేత్తకైనా ఆ ఖర్చులకు ఓడ కట్టి అమ్మడం ప్రభుత్వ ఆసరా లేకుండా సాగలేదు. 1966 ఉద్యమంతో సాధించుకున్న ఉక్కు కర్మాగారం చుట్టూ గాజువాక పెరిగింది. సొంత ఇనుప ఖనిజపు గనులు లేకపోవడం ఆ కర్మాగారం ఖర్చును ఎలా పెంచిందో చెప్పకుండా దాని నష్టాల గురించి మాట్లాడకూడదు. పెద్ద పెట్టుబడి వచ్చిన తర్వాతే చిన్న షాపులు వచ్చాయి. ఈ వరుస పిల్లలకు తెలియాలి.

గాజువాక లేత్

సార్ చెప్పింది నిజమే. ఉక్కు కర్మాగారం లేకపోతే మా షాపు లేదు. అయినా అదే వీధిలో అదే సమయంలో పెట్టిన షాపుల్లో కొన్ని నిలిచాయి, కొన్ని పోయాయి. ఒక్క కొనుగోలుదారు మీద ఆధారపడినవారు ఆ కొనుగోలుదారుతోపాటే పడ్డారు. వైద్య పరికరాలు తయారయ్యే మెడ్‌టెక్ జోన్ వచ్చాక అటువైపు చిన్న పనులు వెతుక్కున్నవారు కొంత ఊపిరి పీల్చుకున్నారు. ఆ తేడా కూడా నేర్పదగినదే కదా.

పాత బ్యాంకు ఉద్యోగి

ఉపాంత వ్యయం గారు ఎత్తిన విషయానికి అనుబంధంగా ఒక పాత సంగతి. ప్రేరణ శిక్షణతో వ్యవస్థాపకులను తయారు చేయవచ్చా అని ప్రపంచం మొదట పరీక్షించి చూసిన చోట్లలో మన కాకినాడ ఒకటి. 1960ల మధ్యలో అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ బృందం, హైదరాబాద్‌లో 1962లో ఏర్పడిన చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ సహకారంతో, అక్కడి వ్యాపారులకు సాధనా ప్రేరణ (ఏదైనా సాధించాలన్న తపన పెంచే) శిక్షణ ఇచ్చింది. శిక్షణ పొందినవారు తర్వాతి కాలంలో పొందనివారి కంటే ఎక్కువ చురుకుగా పెట్టుబడులు పెట్టారని తేల్చింది. అందరూ ఈ పాఠం చెబుతారు. శిక్షణ పొందినవారిలో ఎక్కువమంది అప్పటికే వ్యాపారంలో ఉన్నవారన్నది మాత్రం ఎవరూ చెప్పరు. హైదరాబాద్ బస్తీల ఫలితాన్ని దీని పక్కన పెట్టి చూడండి. అప్పు అయినా, ప్రేరణ అయినా, అప్పటికే కాలు మోపినవారికి అందివచ్చింది.

విశాఖ అధ్యాపకురాలు

ఈ రెండు అధ్యయనాలనూ పక్కపక్కన పెట్టడం నాకు తట్టలేదు. ఇవి సెమిస్టర్ మధ్యలో ఒక వారమంతా చర్చకు పెట్టదగినవి.

ఉపాంత వ్యయం గారి అభ్యంతరాన్ని నేను పూర్తిగా అంగీకరిస్తున్నాను, దాని నుంచి వచ్చే ముగింపుతో మాత్రం విభేదిస్తున్నాను. నా తరగతిలోని పిల్లల్లో అత్యధికులు ఉద్యోగాలకే వెళ్తారు, వెళ్లాలి కూడా. అయినా ఒక సంస్థ డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుందో, ధర ఎవరు నిర్ణయిస్తారో, బేరంలో ఎవరి చేయి పైన ఉంటుందో తెలిసిన పిల్ల బ్యాంకులో ఉన్నా, ప్రభుత్వ కార్యాలయంలో ఉన్నా, ఎదుటి బల్ల దగ్గరికి వచ్చిన చిన్న వ్యాపారి కాగితాన్ని అర్థం చేసుకుని చదువుతుంది. కాబట్టి ప్రతి విద్యార్థీ ఏదో ఒక సంస్థ పెట్టాలనే లక్ష్యాన్ని నేను పాఠం నుంచి తీసేస్తున్నాను. వ్యాపార ప్రణాళికకు బదులు, నడుస్తున్న ఒక చిన్న వ్యాపారం లెక్కను యజమాని ఒప్పుకోలుతో, పేరు బయట పెట్టకుండా రాయాలి. వ్యాపారం పెట్టకూడదు అనే నిర్ధారణకు కారణాలతో వచ్చినవారికి కూడా పూర్తి మార్కులు ఉంటాయి.

ఇంటర్నల్ పరీక్షకు మూడు ప్రశ్నలు అనుకున్నాను. మొదటిది, మీరు చూసిన వ్యాపారంలో ముందుగా తెలిసిన ధరలు ఏవి, తెలియనివి ఏవి. తెలియనివాటిలో నష్టభయం ఏది, అనిశ్చితి ఏది. రెండోది, సొంత శ్రమకూ సొంత స్థలానికీ ఖరీదు కట్టి ఆర్థిక లాభం లెక్కించి, అది సున్నాకు దగ్గరగా ఉంటే ఎందుకో, లేకపోతే ఎందుకో రాయండి. మూడోది, అమ్మకాలు రెట్టింపైతే ఈ వ్యాపారానికి అదనంగా ఎంత డబ్బు కావాలి, అది ఎక్కడి నుంచి రావచ్చు, ఒక్కో మార్గానికి అసలు వడ్డీ ఎంత.

రేవు గాలి

మొదటి ప్రశ్నకు హార్బర్‌లో చక్కటి జవాబులు దొరుకుతాయి. తుపాను హెచ్చరిక వచ్చిన వారం ఒకటి తప్పకుండా రాయించండి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తర్వాత ఊళ్లో పాలు, నీళ్లు, కొవ్వొత్తుల ధరలు ఎలా పెరిగాయో పెద్దవాళ్లను అడిగి రాసుకురమ్మంటే, ధర పెంచడం ఎప్పుడు న్యాయం, ఎప్పుడు అన్యాయం అనే వాదన కూడా తరగతిలోకి వస్తుంది.

బీకాం ఆఖరి సంవత్సరం

మేడమ్ గారూ, జవాబులు తెలుగులో రాయవచ్చా? లెక్క మాకు అర్థమవుతుంది, ఇంగ్లీషులో వివరించడం దగ్గర ఆగిపోతాం.

విశాఖ అధ్యాపకురాలు

ఇంటర్నల్ వరకు రాయవచ్చమ్మా. యూనివర్సిటీ పరీక్షకు ఇంగ్లీషు పదాల పట్టిక ఒకటి వారం వారం ఇస్తాను.

ఉపాంత వ్యయం

మీ మూడో ప్రశ్నకు ఒక సవరణ సూచిస్తాను. అమ్మకాలు రెట్టింపైతే అని అడిగే ముందు, ఎవరు కొంటే రెట్టింపవుతాయో రాయమనండి. ఆ కొనేవారు ఇప్పుడు ఎవరి దగ్గర కొంటున్నారో, వారు ఇటు వస్తే ఆ అమ్మేవారికి ఏమవుతుందో కూడా. టిఫిన్ బండి పెద్దదైతే వీధి మొత్తం ఆదాయం పెరిగిందా, పక్క బండి ఆదాయం ఇటు మారిందా అన్నది అప్పుడు తేలుతుంది. నా అభ్యంతరంలో సగం ఆ ప్రశ్నతో తీరుతుంది. మిగతా సగం సిలబస్ తయారు చేసేవారితో తేల్చుకోవాల్సింది.

గాజువాక లేత్

మేడమ్ గారూ, నెల మొదటి వారం తప్ప ఎప్పుడైనా నలుగురేసి పిల్లలను పంపండి. ఆర్డర్ కాగితాలు, బాకీల పుస్తకం, కరెంటు బిల్లులు చూపిస్తాను, కొనుగోలుదారుల పేర్లు మాత్రం కాగితంతో మూసి ఇస్తాను. మెషిన్ దగ్గరికి వచ్చేటప్పుడు చున్నీలు, వదులు చొక్కాలు లేకుండా, బూట్లు వేసుకుని రమ్మనండి.